తగ్గని నొప్పితో రోజు గడవాలంటే: ఒంటిని గమనించే సాధన ఎలా చేయాలి?

“స్కానింగ్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. మాత్ర వేసుకుంటే ఓ పూట బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇంకేం చేయాలి?” ఇదే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. పలాసలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున కూర్చుని జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లు అడుగుతారు, కవిటి తోటల్లో కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి భుజం పట్టేసినవాళ్లు అడుగుతారు, బరంపురం బట్టల కొట్లలో రోజంతా నిలబడే కుర్రాళ్లు అడుగుతారు, చికున్‌గున్యా వచ్చిపోయి నెలలైనా కీళ్లు వదలని పెద్దవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేచోట రాసేస్తే నయం.

మూడు నెలలు దాటినా పోని నొప్పిని, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇలాంటి నొప్పి ఉన్న చాలామందిలో దెబ్బ మానిపోయినా నరాలూ మెదడూ నొప్పిని పంపడం మానవు, చిన్న కదలికకే పెద్దగా స్పందిస్తాయి. కాబట్టి రిపోర్టు బాగుందని నొప్పి అబద్ధం అయిపోదు. “అంతా నీ మనసులోనే ఉంది” అని ఇంట్లోవాళ్లు అంటే ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. అయితే నొప్పి చుట్టూ మనకు తెలియకుండా మనమే చేర్చే సరుకు ఒకటుంటుంది: కండరాలు బిగబట్టడం, “ఇంక జీవితాంతం ఇంతేనా” అనే టెన్షన్, ఆ టెన్షన్‌తో పోయే నిద్ర. ఇవన్నీ నొప్పిని ఇంకా పెంచుతాయి. ఒంటిని గమనించే సాధన పనిచేసేది ఈ భాగం మీద. నొప్పి పూర్తిగా మాయమవ్వాలని మొదలుపెడితే వారానికే విసుగొస్తుంది, ముందే చెప్తున్నా.

ఇది నేను కనిపెట్టింది కాదు. విపశ్యన ధ్యానం నేర్పిన గోయెంకా 1955లో బర్మాలో మైగ్రేన్ భరించలేక ధ్యాన గురువు ఉ బా ఖిన్ దగ్గరికి వెళ్తే, తలనొప్పి పోగొట్టుకోవడానికే అయితే రావద్దని గురువు వెనక్కి పంపారట, ఆ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో ఒక ఆసుపత్రిలో కొన్ని వారాల కోర్సు పెట్టి, మందులతో తగ్గని నొప్పులున్నవాళ్లకు పడుకుని ఒళ్లంతా గమనించడం నేర్పారు. 2016లో నడుంనొప్పి ఉన్న 342 మంది మీద వచ్చిన అధ్యయనంలో, ఆర్నెల్ల తర్వాత పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో 61 శాతం మందికి కనిపించింది, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 44 శాతం మందికి. గొప్ప అద్భుతం కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు.

మన వైపు వాళ్లకు దీని అవసరం ఇంకాస్త ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు కానీ, అసలే బలహీనంగా ఉన్న కిడ్నీకి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మంచివి కావన్నది తేలిన విషయమే. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, మందస, ఈ చుట్టుపక్కల ఎక్కడివారైనా సరే, మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే అలవాటుంటే ముందు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) చేయించుకోండి. సంతల్లో కీళ్లనొప్పులకని అమ్మే పేరూ ఊరూ లేని పొడులు అసలే వద్దు, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి. ఇంకోమాట, డాక్టరు రాసిన మందులు, ముఖ్యంగా నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి సాధన మొదలుపెట్టామని సొంతంగా ఆపేయకండి. తగ్గించాలన్నా మెల్లమెల్లగా, రాసినవాళ్లను అడిగే తగ్గించాలి.

ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాల్సినవి

నడుంనొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం తగ్గి ఈడుస్తున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, రేపు చూద్దాం అనుకోకండి. నొప్పితో జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడ్డాక మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవి ఉన్నా పరీక్ష ముందు, సాధన తర్వాత. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి చేతికో దవడకో పాకితే కళ్లు మూసుకుని గమనిస్తూ కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 108కి ఫోన్ చేయండి, ఒడిశా వైపు కూడా అదే నంబరు.

కావలసినవి

చాప, దాని మీద ఓ బొంత. కోరాపుట్, జయపురం వైపు ఉండేవాళ్లకు చలికాలం నేల చల్లగా తగులుతుంది, రెండు దుప్పట్లు వేసుకోండి. రెండు దిండ్లు. మెల్లగా మోగే టైమర్ ఉన్న ఫోన్, మిగతా శబ్దాలన్నీ ఆపేసి. ఒక చిన్న నోటు పుస్తకం. దోమలుంటే దోమతెర, నవ్వకండి, సాధన మానేయడానికి నేను చూసిన కారణాల్లో దోమలే మొదటిది. డబ్బు పెట్టి యాప్ కొనక్కర్లేదు. శవాసనం, యోగనిద్ర తెలిసినవాళ్లకు సగం పని అయిపోయినట్టే.

ఎలా చేయాలి

1. వేళ ఖాయం చేసుకోండి. రోజూ ఒకే సమయం, నొప్పి మరీ ఎక్కువ లేని సమయం. కొందరికి తెల్లవారుజామున పనులు మొదలవకముందు, కొందరికి సాయంత్రం స్నానం అయ్యాక. భోజనం చేయగానే వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. మొదటి వారం పది నిమిషాలు చాలు, తర్వాత ఇరవైకి పెంచండి. పిల్లలు, టీవీ, వీధిలో మైకు, పక్కనే రైలు, ఇవన్నీ ఉంటాయి. ఇల్లు నిశ్శబ్దం అయ్యేదాకా ఆగితే ఈ జన్మలో మొదలవదు.

2. ఒంటికి వీలైన భంగిమ చూసుకోండి. నడుంనొప్పి ఉంటే వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోండి, నడుం కింద పడే ఒత్తిడి తగ్గుతుంది. మెడనొప్పికి పల్చటి దిండు. మోకాళ్లు వంగనివాళ్లు నేల మీదికి దిగనే అక్కర్లేదు, వీపుకు ఆనుడున్న కుర్చీలో పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే సరిపోతుంది. గర్భిణులు పక్కకు తిరిగి పడుకోవాలి. మధ్యలో ఇబ్బందైతే కదలండి. కదలకుండా భరించాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు, కదిలేటప్పుడు ఏ కండరం ఎలా కదిలిందో గమనిస్తే అదీ సాధనే.

3. నొప్పి లేనిచోటు ఒకటి వెతకండి. తొంభై శాతం మంది దాటేసే మెట్టు ఇదే అనిపిస్తుంది నాకు. నేరుగా నొప్పి మీదికి వెళ్లొద్దు. అరచేతులో, పెదవులో, ముక్కు కొనో, పాదాల కింద నేలో, ఏదో ఒకటి హాయిగానో మామూలుగానో ఉన్నచోటు దొరుకుతుంది. అక్కడ ఓ రెండు నిమిషాలు మనసు పెట్టండి. చేతివేళ్లు ఒకదానికొకటి తగిలేచోట వెచ్చదనం ఉందా, చెమట ఉందా, చాప ఈనెల గరుకు తెలుస్తోందా? ఇది మీ ఇల్లు అనుకోండి. ఎప్పుడు కష్టమనిపించినా ఇక్కడికే వచ్చేయాలి. ఒంట్లో అలాంటి చోటే దొరకనివాళ్లు బయటి శబ్దం పట్టుకోండి, ఫ్యాను తిరిగే చప్పుడైనా సరే.

4. ఊపిరిని చూడండి, నడపకండి. పొట్ట లేస్తోంది, పడుతోంది, అంతే. ప్రాణాయామం వచ్చినవాళ్లకు ఇక్కడ చెయ్యి దురద పెడుతుంది, లెక్కపెట్టి పీల్చాలనిపిస్తుంది. అది మంచిదే కానీ వేరే పని. ఇక్కడ ఊపిరి ఎలా వస్తే అలా.

5. కాలివేళ్ల నుంచి తల దాకా మెల్లగా రండి. ఎడమ పాదం, పిక్క, మోకాలు, తొడ, తర్వాత కుడి కాలు, తుంటి, పొట్ట, వీపు, ఛాతీ, చేతులు, భుజాలు, మెడ, దవడ, కళ్ల చుట్టూ, నడినెత్తి. ఒక్కోచోట నాలుగైదు ఊపిర్లు. అక్కడ ఏం తెలుస్తోంది: వేడి, చలవ, బరువు, బట్ట తగలడం, జిలజిల? ఏమీ తెలియకపోతే “ఏమీ తెలియట్లేదు” అనేది కూడా సమాధానమే, ముందుకెళ్లండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఇది మామూలు. స్పర్శ తెచ్చుకుందామని వేడినీళ్ల సంచి మాత్రం పెట్టకండి, కాలినా తెలియదు.

6. నొప్పి దగ్గరికి అంచు నుంచి వెళ్లండి. చెరువులో దిగేముందు ఒడ్డున కాలు పెట్టి చూసినట్టు. నడుంలో నొప్పి అనుకుందాం. అది ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడికి వచ్చేసరికి మామూలు ఒళ్లు అవుతోంది? గుప్పెడంత ఉందా, అరచేయంతా? ఒకేచోట ఉందా, జరుగుతోందా? పైపైనా, లోపలా? తర్వాత అది ఏ రకమో చూడండి: సలుపా, పోటా, మంటా, లాగుడా, తిమ్మిరా, గుచ్చుకోవడమా, జివ్వుమనడమా, బరువా. “నొప్పి, నొప్పి” అని ఒకే ముద్దగా ఉన్నది కాసేపటికి రెండు మూడు వేర్వేరు సంగతులుగా విడిపోతుంది, వాటిలో ఒకటి మారుతూ ఉంటుంది కూడా. ఇక్కడ ఇరవై ముప్ఫై సెకన్లు మించొద్దు. వెంటనే మూడో మెట్టులోని హాయి చోటుకు తిరిగి వచ్చేయండి, కాసేపు ఆగి మళ్లీ వెళ్లండి. ఒక సాధనలో ఇలా మూడుసార్లు చాలు. పక్క లాభం ఒకటుంది. బరంపురం పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు ఎలాంటి నొప్పి అని అడిగితే, “ఒళ్లంతా నొప్పండీ” అనకుండా మంట, కరెంటు షాకులా కాలి కిందికి దిగడం, తిమ్మిరి అని విడిగా చెప్పగలుగుతారు. అవి నరానికి సంబంధించిన నొప్పికి గుర్తులు, వాటి మందు వేరు.

7. చుట్టూ ఉన్న బిగింపు వదలండి. నొప్పి నడుంలో ఉంటే బిగింపు అక్కడే ఆగదు. పళ్లు కరుచుకుని ఉంటాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, పొట్ట లోపలికి లాక్కుని ఉంటుంది, గుప్పిళ్లు మూసుకుని ఉంటాయి. నొప్పి ఉన్నచోటును వదలమని బతిమాలకండి, అది వినదు. ఈ దూరపువాటిని ఒక్కొక్కటిగా వదలండి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య బియ్యపు గింజంత సందు ఉంచి చూడండి, మెడ దానంతటదే కొంచెం జారుతుంది.

8. ఆలోచన వస్తే పేరు పెట్టి పంపించండి. “రేపు పనికి వెళ్లలేకపోతే?” వచ్చింది, లోపల “భయం” అనుకోండి. “ఆ డాక్టరు సరిగ్గా చూడలేదు” వచ్చింది, “కోపం”. వాదించొద్దు, తరమొద్దు. పేరు పెట్టి, వదిలిన చోటు నుంచి మళ్లీ ఒంటి మీదికి. ఇరవై నిమిషాల్లో వందసార్లు మనసు పోయినా వందసార్లు తెచ్చుకోవడమే ఈ పని.

9. ముగించేటప్పుడు తొందరపడొద్దు. చివరి నిమిషం ఒళ్లంతా ఒకేసారి తెలిసేలా ఉండండి, నొప్పి అందులో ఒక మూల. వేళ్లు కదపండి, పక్కకు తిరిగి చేతి ఆసరాతో లేవండి. నేరుగా నడుం ఎత్తి లేచారంటే ఇప్పటిదాకా చేసిందంతా ఆ కుదుపులో పోతుంది.

10. పనిలోకి తీసుకెళ్లండి. పడుకుని చేసింది పనిలో కనిపించకపోతే సగమే దక్కినట్టు. పిక్కలు కొట్టేవాళ్లు ప్రతి అరగంటకూ ఒక్క నిమిషం ఆపి దవడ, భుజాలు, పొట్ట చూసుకుని, ఓసారి లేచి నిలబడాలి. దీన్ని గడియారం చూసి చేయాలి, నొప్పి చూసి కాదు. నొప్పి వచ్చేదాకా కూర్చుని అప్పుడు లేస్తే అది ఒళ్లు పట్టేసిన తర్వాత లేవడమవుతుంది. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట నిమిషం ఆగడం కూడా కష్టమేనని తెలుసు. అలాంటప్పుడు లేవకపోయినా చేతులు ఆడుతుండగానే పళ్ల సందు, భుజాలు చూసుకోవచ్చు.

కళ్లు మూసుకుంటే గాభరా పడేవాళ్లకు

కొందరికి ఒంటి మీద మనసు పెట్టగానే గుండె దడ, పాత ప్రమాదం గుర్తుకు రావడం, ఊపిరాడనట్టు ఉండటం జరుగుతుంది. తప్పు మీది కాదు. కళ్లు తెరిచే చేయండి, గోడ మీద ఒక చోట చూపు పెట్టి. లేదా పడుకోవడం మానేసి పెరట్లో పది అడుగులు అటూ ఇటూ మెల్లగా నడుస్తూ మడమ, అరికాలు, వేళ్లు నేలకు ఎలా తగులుతున్నాయో చూడండి. పూలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం లాంటి చేతిపనిలో వేళ్ల కదలిక మీదే మనసు పెట్టినా పనిచేస్తుంది. అయినా గాభరా తగ్గకపోతే ఒంటరిగా సాగదీయకండి. 14416 టెలి మానస్ నంబరు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నొప్పి ఉన్న రోజే చేయడం అన్నిటికంటే పెద్దది. ఈత నేర్చుకోవడానికి వరద వచ్చేదాకా ఆగకూడదు కదా, మామూలు రోజుల్లో చేసినవాళ్లకే చెడ్డరోజున సాధన అక్కరకొస్తుంది.

రెండోది, బాగున్న రోజు విరగబడి పని చేసేయడం. సాధన కుదిరి నాలుగు రోజులు తేలిగ్గా ఉందనుకోండి, అటకలన్నీ దులిపి, బట్టలన్నీ ఉతికి, సాయంత్రానికి మంచం ఎక్కుతారు. తర్వాత మూడు రోజులు లేవరు. “సాధన పనిచేయలేదు” అంటారు. బాగున్న రోజు చేయగలిగినదాంట్లో ముప్పావు వంతు దగ్గర ఆపండి, చెడ్డరోజు పూర్తిగా మంచాన పడకుండా కొంచెమైనా కదలండి. మగవాళ్లు దీన్ని అస్సలు వినరు, ముఖ్యంగా వరి కోతలప్పుడు.

మిగతావి చిన్నవి. రిలాక్స్ అవ్వాలని గట్టిగా ప్రయత్నించడం, అది కూడా బిగింపే. ప్రతి రెండు నిమిషాలకూ “తగ్గిందా?” అని లోపల అడగడం. నిద్రపోవడం: రాత్రి నిద్రకోసమే చేస్తే పర్లేదు కానీ పగటి సాధనలో రోజూ నిద్రొస్తుంటే కుర్చీకి మారండి. ఇంకొకరి వీడియోలో గొంతు నచ్చకపోయినా గంటసేపు భరించడం. మీ ఇంట్లోవాళ్లతో ఈ మెట్లు ఫోన్‌లో మెల్లగా చదివించి రికార్డు చేసుకుంటే అంతకంటే మంచి యాప్ ఉండదు.

నొప్పి ఎగదన్నిన రోజు

పూర్తి సాధన జోలికి వెళ్లకండి. మూడో మెట్టు, ఏడో మెట్టు, అంతే, ఐదు నిమిషాలు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా అంతే. నొప్పి పదికి 8, 9 దగ్గర ఉన్నప్పుడు అంచు, సైజు అని పరిశీలించబోతే అది మిమ్మల్ని లాగేసుకుంటుంది. డాక్టరు చెప్పిన మందు ఉంటే వేసుకోండి, అందులో ఓడిపోయిందేమీ లేదు. అలవాటైన నొప్పికి భిన్నంగా కొత్తచోట, కొత్తరకంగా వస్తే మాత్రం పైన రాసిన ప్రమాద గుర్తులు మళ్లీ చూసుకోండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రోజూ పది మార్కులకు నొప్పి ఎంత అని వేసుకుంటూ పోతే నిరాశే, ఆ అంకె అంత త్వరగా కదలదు. నోటు పుస్తకంలో వారానికోసారి, ఆదివారం అనుకోండి, నాలుగు సంగతులు రాయండి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. ఆపకుండా ఎంతసేపు కూర్చోగలిగారు, లేదా బస్టాండు దాకా మధ్యలో ఆగకుండా నడవగలిగారా. చీటీలో లేని అదనపు మాత్రలు ఎన్ని వేసుకున్నారు. నొప్పి ఎగదన్నితే మళ్లీ మామూలయ్యేందుకు ఎంతసేపు పట్టింది. మొదట మారేది సాధారణంగా ఈ చివరిదే, అందుకే చాలామందికి తేడా వచ్చినట్టు కూడా తెలియదు. ఇంట్లోవాళ్లను కూడా అడగండి, చిరాకు తగ్గిందో లేదో మీకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

ఎనిమిది వారాలు వారానికి ఐదారు రోజులైనా చేసి, నాలుగింటిలో ఒక్కటీ కదలకపోతే పద్ధతిని తిట్టుకోకుండా, మిమ్మల్ని తిట్టుకోకుండా ఆ పుస్తకం పట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. బలం పెంచే వ్యాయామం జతచేయాల్సి ఉండొచ్చు, నిద్రకో డిప్రెషన్‌కో విడిగా చికిత్స కావాల్సి ఉండొచ్చు. డాక్టరు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడేవారైతే ఆ నాలుగు అంకెలూ, నొప్పి రకమూ ముందే ఒక కాగితం మీద ఎవరితోనైనా ఆ భాషలో రాయించుకుని వెళ్లండి.